పాఠం చెప్పమని అడగలేదు

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి, ఐదు రోజులు వేలూరులో ఆసుపత్రి మంచం మీద ఉండి, ఆరో రోజు పొద్దున మా ఇంట్లో అద్దెకుండే టీచర్ పోయింది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. గుడియాత్తంలో మా ఇంటికే తీసుకొచ్చి చేయవలసినవి చేశాం. మూడో రోజు దాటాక మగ్గం మళ్ళీ నడిచింది. ఆ సాయంత్రం ఐదున్నరకు, మా మగ్గం మీద నేసే కోదండం ఉన్నట్టుండి నేత ఆపాడు. మగ్గం కింద గుంతలో కాళ్ళు అలాగే ఉంచి నా వైపు చూశాడు.

"అలవాటు అక్కా" అన్నాడు.

అది ఆమె పాఠం మొదలుపెట్టే వేళ. వియత్నాంలో ఎక్కడో ఒక పిల్ల ఆ వేళకు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. టీచర్ చనిపోయిందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో మాకు తెలియలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు తెలిసినవాడు ఒకడు ఇంకా బయటే తిరుగుతున్నాడు.

నా అరవై తొమ్మిదేళ్ళలో అంత పిరికి మనిషిని చూడలేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాత్రమే రాయాలంటారు. నేను ఉన్నది రాస్తాను. కరెంటు పోతుందని భయం, పోకపోతే ఎప్పుడు పోతుందో అని భయం. కుక్క మొరిగితే భయం. కొరియరు కుర్రాడు తలుపు కొడితే ముందు కిటికీలోంచి చూసి, తర్వాత నన్ను పిలిచి, ఆ తర్వాత గడియ తీసేది.

ఆరేళ్ళ కిందట గది అడగడానికి వచ్చినప్పుడు అద్దె ఎంతని అడగలేదు.

"ఈడ కరెంటు దినానికి ఎన్నిసార్లు పోతాది పెద్దమ్మా?" అంది.

"పోయినప్పుడు పోతాది. నేనేమైనా రాసి పెట్టుకుంటానా?"

"పక్కింట్లో కోడి ఉండాదా?"

"ఉండాది. తింటావా?"

ఆమె నవ్వలేదు. ఇంటర్నెట్టులో పిల్లలకు ఇంగ్లీషు చెబుతుందట, శబ్దం ఉండకూడదట. ఇల్లంతా ఒకసారి చెవులు రిక్కించి విని, బాగా నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకుని, గది తీసుకుంది. ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వీధిలో మగ్గాలు నడపరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. గది నాలుగు నెలలుగా ఖాళీగా పడి ఉంది మరి.

మర్నాడు పొద్దున వీధి మొత్తం ఒక్కసారి మోత ఎత్తుకుంది. ఆమె గదిలోంచి బయటికొచ్చి, మా మగ్గం ముందు నిలబడి, రెండు చేతులూ చెంపలకు పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కోదండం దగ్గరికెళ్ళి, నేత నేసేవాడికి మధ్యలో ఆగవలసిన పనులు ఏమేమి ఉంటాయని అడిగింది. తెగిన పోగులు అతకాలి, నూలు కండెలు సర్దుకోవాలి, మంచినీళ్ళు తాగాలి, బీడీ కాల్చాలి అని వాడు చెప్పాడు. ఆ పనులన్నీ తన పాఠం జరిగే ఇరవై ఐదు నిమిషాలకు దాచిపెట్టుకోమని బతిమాలింది. వాడు ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నావురా అంటే, "ఆ పిల్ల చేతులు చూసినావా అక్కా, ఎట్లా వణకతాండాయో" అన్నాడు. మా ఇంట్లో ఆ ఏర్పాటు ఆమె పోయేదాకా నడిచింది. పక్క ఇళ్ళ మగ్గాల కోసం కిటికీకి రెండు పరుపులు కట్టుకుంది.

పాఠానికి ముందు ఆమె చేసే పనులు ఒక వరసలో ఉండేవి. ఉప్పునీళ్ళతో పుక్కిలించేది. గడియ ముట్టుకునేది. దీపాలు మెరిసే ఇంటర్నెట్టు పెట్టెను ముట్టుకునేది. గొంతు ముట్టుకునేది. పైన ఇస్త్రీ చేసిన కాలరు చొక్కా, కింద వెలిసిపోయిన లుంగీ. వెనక గోడకు నీలం దుప్పటి. మూతిని ఇటూ అటూ సాగదీసి, నవ్వు పెట్టుకుని కూర్చునేది. ఆ నవ్వు చూస్తే ఆమెకు ప్రపంచంలో ఏ చింతా లేదనుకుంటారు. బల్ల కింద చూస్తే మోకాళ్ళు రెండూ కొట్టుకుంటూ ఉండేవి.

"అంత భయపడేదానివి ఈ పని ఏమిటికి?" అని ఒకసారి అడిగాను.

"వణికేది భుజాల కింద కదా పెద్దమ్మా. కెమెరా భుజాల పైన" అంది.

మా పాత కండెలకు కళ్ళు, ముక్కు గీసి బొమ్మలు చేసింది. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె అరిగిపోతే, దానికి చేపతోక అంటించింది. అది ఇంగ్లీషు తప్ప వేరే భాష రాని చేపట. కోదండం బీడీ పట్టుకుని గుమ్మం అవతల కూర్చుని వింటూ ఉండేవాడు. "వెరీ గుడ్, వన్ మోర్ టైమ్. నాకూ వచ్చేసినాది అక్కా. నన్నే పంపించు ఫారిన్‌కు" అనేవాడు.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మా ఇళ్ళలో మాట తెలుగు, వీధిలో మాట తమిళం, బస్సు మీద బోర్డు తమిళం. నాకు మాట్లాడడం రెండూ వచ్చు, చదవడం ఏదీ రాదు. ఆమెకు తమిళం, ఇంగ్లీషు చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. చిత్తూరు నుంచి ఎవరిచేతనో అక్షరాల పుస్తకం తెప్పించి, ఈ రోజు తాను నేర్చుకున్నది రేపు నాకు చెప్పేది. తప్పు చదివితే తప్పు అనదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, తల ఇటు వంచి, వినబడనట్టు చూస్తుంది. సరిగ్గా చెప్పేదాకా చెయ్యి తీయదు. అరవై దాటిన దాన్ని, నాకు ఒళ్ళు మండేది.

"నీకు చెవుడా?"

"లేదు పెద్దమ్మా. ఇంకోసారి."

ఆ చెయ్యి తీయించడానికే నేను చదవడం నేర్చుకున్నాను.

ఆమెకు కావలసింది ఒక్కటే. తెరలో కాకుండా బెంచీల మీద కూర్చునే పిల్లలకు చెప్పాలి. పాఠం అయ్యాక టీచరుకు మార్కుల్లా నక్షత్రాలు వేసే తల్లిదండ్రులు ఉండకూడదు. ఒక నక్షత్రం తగ్గితే ఆమె ఆ రోజు అన్నం తినేది కాదు. పరీక్ష రాసి తెచ్చుకున్న సర్టిఫికెట్టును ఏయే దేశాల బళ్ళకో పంపేది. జవాబు వస్తే చదివి కంప్యూటరు మూసేది. "ఇంగ్లీషు బాగుండాదంట. పాస్‌పోర్టే వేరే దేశానిది అయి ఉండాలంట" అనేది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే కావాలని వాళ్ళ షరతు. అలాంటి జవాబులు ఎన్ని వచ్చాయో నేను లెక్కపెట్టలేదు. ఆమె పెట్టే ఉంటుంది.

అట్లాంటప్పుడు, మూడేళ్ళ కిందట, వాడి ఫోను వచ్చింది.

థాయిలాండులో బడి ఉద్యోగం, ఉండడానికి గది, భోజనం, జీతం. వాడు తమిళంలో చెబుతున్నాడు. ఆమె భయంతో స్పీకరు పెట్టి, వినమని నాకు సైగ చేసింది. నేను ఊరుకోలేక, "ఎవడే పాపా వీడు?" అన్నాను తెలుగులో. 

"అమ్మా, మీరు మనోళ్ళా?" అన్నాడు వాడు. మా తెలుగు. అచ్చంగా మా ఇంట్లో మాట్లాడే తెలుగు.

"యాడ నాయనా మీది?" అన్నాను.

"ఒడుగత్తూరు పక్కనమ్మా. మీరు గుడియాత్తమా? మగ్గాలుండాయా ఇంట్లో? మా తాత కాలందాకా మాకూ ఉండె."

ఇక్కడ మా మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. బయటివాడితో తమిళం మాట్లాడతాం. బయటివాడిని కాగితం అడుగుతాం, చిరునామా అడుగుతాం, సాక్షిని అడుగుతాం. తెలుగు మాట్లాడేవాడిని ఏమీ అడగం. ఇంటి పేరు, ఊరు అడుగుతాం, అంతే. ఆ మాట వినగానే వాడు గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నట్టే లెక్క. మా అమ్మా ఇలాగే చేసింది, నేనూ ఇలాగే చేశాను. అరగంట మాట్లాడాను వాడితో. నా ఫోను నంబరు ఇచ్చాను. ఏ వీధో, నీళ్ళు ఏ రోజు వస్తాయో చెప్పాను. ఎదురుగా ఏ కొట్టు ఉందో చెప్పాను. మా ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, నాకు పిల్లలు లేరని, ఇంట్లో ఉండేది మేమిద్దరం ఆడవాళ్ళమేనని, కోదండం ఆరింటికి వెళ్ళిపోతాడని, అన్నీ చెప్పాను. వాడు ఊ కొడుతూ విన్నాడు.

ఫోను పెట్టేశాక ఆమె నన్నే చూస్తోంది.

"ఏమంటావు పెద్దమ్మా? నాకు భయంగా ఉండాది."

"నీకు ఎప్పుడు లేదు భయం? మనోడే. పో" అన్నాను.

ఆ 'పో' అన్నది నేను. దాన్ని ఎవరి మీదికీ తోయలేను.

వారం తర్వాత వేలూరు వెళ్ళాం ఇద్దరం. పాత బస్టాండు వెనక సందులో, మందుల కొట్టు మీద ఒక గది. వాడు నవ్వుతూ ఎదురొచ్చి వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. నుదుట విభూతి. "పెద్దమ్మా, రాండి, కూచోండి" అని కాఫీ తెప్పించాడు. ఆమె తన సంచీ తెరిచి కండె బొమ్మలు, చేప, మాటలు రాసిన అట్టముక్కలు బల్ల మీద వరసగా పెట్టుకుంది. పాఠం చెప్పి చూపించమంటారని రెండు రోజులు సాధన చేసి వచ్చింది. వాడు వాటి వైపు చూడలేదు. ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి టైపు కొట్టమన్నాడు. గడియారం పెట్టి చూశాడు. "ఒకేసారి ముగ్గురితో చాటింగు నడపగలవా అమ్మా?" అన్నాడు. నడపగలనంది. సంతోషించాడు. వీసా కోసమని ఆమె పాస్‌పోర్టు తీసుకుని సొరుగులో వేసుకున్నాడు.

"మరి డెమో పాఠం?" అని ఆమె అడిగింది.

"అవన్నీ ఆడికి పోయినాక చూసుకుంటారు. నువ్వు బట్టలు సర్దుకో."

తిరుగు బస్సులో పల్లికొండ దాటాం. ఆమె సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది.

"పెద్దమ్మా, నన్ను పాఠం చెప్పమని అడగలేదు."

"అయితే ఏమి? మంచిదే కదా."

"ఇన్నేండ్లుగా ఎందరినో అడుగుతాండాను. నన్ను వద్దన్నోళ్ళు కూడా పాఠం విన్నాకే వద్దన్నారు. వీళ్ళు వినకనే కావాలంటాండారు."

ఆమె భయాలన్నీ నాకు తెలుసు. కోడి భయం, కరెంటు భయం, నక్షత్రాల భయం. ఇది వాటిలాంటిది కాదు. మోకాళ్ళు వణకడం లేదు. మనిషి బిగుసుకుపోయి ఉంది. అప్పటికీ నేను, "మనోడు కదా, మోసం చేస్తాడా" అనే అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చాక ఆ బడి పేరేమిటో పంపమని వాడికి ఫోనులో రాసింది. జవాబు లేదు. ఏ వయసు పిల్లలు, ఏ పుస్తకం అని రాసింది. జవాబు లేదు. మూడో రోజు, ఉద్యోగం వద్దు, పాస్‌పోర్టు తిరిగి ఇవ్వండి అని రాసింది. అప్పుడు జవాబు వచ్చింది. ఆమెకు కాదు. ఫోను నాకు వచ్చింది.

మధ్యాహ్నం. కోదండం మగ్గం మీద ఉన్నాడు. నేను కండెలు చుడుతున్నాను.

"పెద్దమ్మా, బాగుండారా?" అన్నాడు. అదే గొంతు, అదే తీపి. "ఎదురుగా కిరాణా కొట్టాయన బాగుండాడా? మీకు నీళ్ళు శుక్రవారం కదా వచ్చేది? ఆ రోజు పొద్దున్నే వీధిలో అందరూ కొళాయి కాడ ఉంటారు, మీ తలుపు తీసే ఉంటాది కదూ? ఆ పాపకు చెప్పండి. టికెట్టు అయిపోయినాది. నా పైనోళ్ళు మంచోళ్ళు కాదు పెద్దమ్మా. మీ ఇంటికి వాళ్ళను పంపే పని నాకు పెట్టొద్దండి. మనోళ్ళు కాబట్టి చెప్తాండాను."

కోపంగా ఒక్క మాట కూడా అనలేదు. మా అక్క కొడుకు నా బాగోగులు అడిగితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. నా చేతిలో కండె జారి దొర్లిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నాకు భయం వేస్తే తెలుగులోనే దేవుడిని పిలిచాను. ఆ రోజు ఆ తెలుగు వినే ఒళ్ళు చల్లబడింది. మా ఇంటి లోపలి సంగతి వాడి నోట్లో పెట్టింది ఇంకెవరో కాదు.

ఆమెకు చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గడియ ముట్టుకుంది, పెట్టెను ముట్టుకుంది, గొంతు ముట్టుకుంది. పాఠం వేళ కాదు అది.

"రేపు పోదాం పెద్దమ్మా" అంది.

"పోలీసుల కాడికా?"

"ఆడికి పోతే వాడు సొరుగు ఖాళీ చేసుకుని పోతాడు. ముందు వాడి కాడికి."

"నాకు భయంగా ఉండాది పాపా." నేను ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"నాకూనూ" అంది. ఆమె నోట ఆ మాట ఎప్పటిలాగే ఉంది.

మర్నాడు ఆమె కాలరు చొక్కా వేసుకుంది. కింద లుంగీ కాదు, నల్ల ప్యాంటు. కోదండం తోడు వస్తానంటే వద్దంది. మగవాడు వస్తే మాటలు చేతుల్లోకి పోతాయి, పాస్‌పోర్టు ఎటో పోతుంది అని. మేడ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి తడిగా ఉంది. నాదీ అంతే.

గదిలో ఆ రోజు నలుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు మగపిల్లలు, ఇంజనీరింగు చదువులు చదివినట్టు ఉన్నారు. ఒక ఆడమనిషి, మా టీచర్ వయసుదే, ఒళ్ళో ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు. వాడు మమ్మల్ని చూసి లేచి, మళ్ళీ నా కాళ్ళ మీదికి వంగాడు. నేను వెనక్కి జరిగాను.

"పాస్‌పోర్టు ఇవ్వండి సార్" అని ఆమె ఇంగ్లీషులో అంది.

"ఎయిర్‌పోర్టులో ఇస్తారమ్మా, కూచో" అన్నాడు వాడు తెలుగులో.

ఆమె మళ్ళీ ఇంగ్లీషులోనే అంది. వాడు మళ్ళీ తెలుగులోనే నా వైపు తిరిగి, "పెద్దమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను నేల చూస్తున్నాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని, ఆ నలుగురి ఎదురుగా నిలబడింది. మూతిని సాగదీసుకుంది. నవ్వు పెట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈమె పాఠం చెప్పబోతోందని.

"అందరూ ఇంగ్లీషు టీచర్ పనికేనా?" అని తమిళంలో అడిగింది. అవునన్నారు. "చాలా మంచిది. నేనూ అంతే. ఒక చిన్న పాఠం. మొదటి ప్రశ్న. మనం పోయే బడి పేరేమి?"

 ఆమె చెవి వెనక చెయ్యి పెట్టుకుని, తల వంచి, నిలబడింది.

"తమ్ముడూ, నువ్వు చెప్పు."

"ఆడికి పోయినాక చెప్తామన్నారు అక్కా" అన్నాడు ఒకడు.

"వెరీ గుడ్. రెండో ప్రశ్న. పిల్లల వయసు ఎంత?" చెయ్యి తీయలేదు. "మూడో ప్రశ్న. మీలో ఎవరినైనా పాఠం చెప్పి చూపించమన్నారా? ఎవరినైనా? ఇంకోసారి ఆలోచించి చెప్పండి."

ఒకడు ఇంకొకడి వైపు చూశాడు. టైపింగే పెట్టారు అన్నాడు రెండోవాడు. నాకూ అంతే అన్నాడు మూడోవాడు. గది చిన్నది. గొంతు కొద్దిగా కూడా వణకకుండా ఆమె ప్రశ్న మీద ప్రశ్న అడుగుతోంది. నేను పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి కనబడుతోంది, ప్యాంటు గుడ్డ మోకాళ్ళ దగ్గర అదురుతూనే ఉంది. కింద మందుల కొట్టుకు వచ్చినవాళ్ళు ఇద్దరు మెట్లెక్కి ఏమిటని తొంగి చూశారు. వాడి ముఖంలో నవ్వు పోయింది. సొరుగు లాగి, పాస్‌పోర్టు తీసి బల్ల మీద గిరాటేశాడు.

"తీసుకుని పో. ముందు పో ఈడనుంచి" అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "మీ ఇల్లు నాకు తెలుసు పెద్దమ్మా" అన్నాడు.

ఆమె తీసుకుంది. తీసుకుని వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. "మీవి కూడా అడగండి" అని వాళ్ళతో అంది. ముగ్గురు మగపిల్లలు లేచారు. వాళ్ళవీ ఇచ్చాడు, ఒక్కొక్కటిగా. ఆడమనిషి మాత్రం లేవలేదు.

ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది మా టీచర్. "అక్కా, లెయ్యండి" అంది తమిళంలో. ఆ మనిషి తెలుగులో బదులిచ్చింది. కనియంబాడి వైపు, తాపీ పని చేసేవాళ్ళ ఇంటి పిల్లట.

"ఈయన మనోడు కదా అక్కా. మా అమ్మతో కూడా మాట్లాడినాడు. ఇంట్లో అందరికీ చెప్పేసినాను. ఇప్పుడు వద్దని ఏ మొహం పెట్టుకుని పోయేది? మీకైతే పాఠం చెప్పేది వచ్చు. నాకు ఏమీ లేదు."

నేను నోరు తెరిచాను. వాడు నన్నే చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను. ఆ గదిలో ఆ పిల్లకు తెలుగులో గట్టిగా చెప్పగలిగిన పెద్దదాన్ని నేనొక్కదాన్నే. చెప్పలేదు. మా ఇల్లు వాడికి తెలుసు అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది.

టీచర్ ఒక అట్టముక్క తీసి, వెనక తన ఫోను నంబరు రాసి, ఆ పిల్ల కవరులో పెట్టింది. "ఎప్పుడైనా సరే. ఏ వేళైనా సరే" అంది. మెట్లు దిగి సందు మలుపు తిరిగాక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. నేను వీపు రాశాను. తర్వాత ఇద్దరం స్టేషనుకు వెళ్ళి కాగితం రాసి ఇచ్చాం. మర్నాడు వాళ్ళు వెళ్ళి చూసేసరికి గదికి తాళం. కనియంబాడి పిల్ల పేరు మాకు తెలుసు, తండ్రి పేరు తెలియదు. ఆ పేరుతో అక్కడ చాలామంది ఉన్నారన్నారు.

కొన్ని నెలలకు కోదండం తమిళ పేపరు పట్టుకొచ్చి చదివి వినిపించాడు. అలాంటి ఉద్యోగాలని తీసుకెళ్ళినవాళ్ళను నది దాటించి, పక్క దేశంలో కంచెలున్న కట్టడాల్లో పెట్టి, ఫోనుల్లో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారని. చెయ్యకపోతే కొడతారని. చదవడం మధ్యలో ఆపమంది ఆమె. లేచి గదిలోకి వెళ్ళింది. పాఠం చెప్పింది. వెరీ గుడ్ అంది, ఇంకోసారి అంది.

వాడు మా ఇంటికి రాలేదు. మనుషులనూ పంపలేదు. రాలేదు కదా అని ధైర్యం రాలేదు మాకు. శుక్రవారం పొద్దున నేను కొళాయికి వెళితే ఆమె లోపల గడియ పెట్టుకుని, నా అడుగులు గుర్తుపట్టాకే తీసేది. ఇంటి ముందు బండి ఆగితే మగ్గం, మాట రెండూ ఆగేవి. బజారులో ఎవరైనా కొత్తవాళ్ళు తెలుగులో పలకరిస్తే నేను తమిళంలో జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అంతే.

ఆమె ఇంటర్నెట్టు మార్చింది, కంప్యూటరు మార్చింది, ఆ నంబరు మాత్రం మార్చలేదు. వాడికీ తెలిసిన నంబరే కదా, మార్చి పారెయ్యమని నేను పోరాను. "ఆ అట్టముక్క మీద ఉండేది ఇదే కదా" అనేది. పాఠం మధ్యలో ఎన్నడూ లేవని మనిషి ఒకే ఒక్కసారి లేచింది, ఏడాది తర్వాత. అవతల ఆడగొంతు "అక్కా, నేను కనియంబాడి..." అన్నదట. ఆ తర్వాత తెగిపోయిందట. తిరిగి చేస్తే అలాంటి నంబరు లేదని వచ్చింది. మళ్ళీ స్టేషనుకు వెళ్ళాం, మళ్ళీ రాసి ఇచ్చాం. ఆ రోజు తెరలో వదిలేసిన పిల్ల ఇంట్లోవాళ్ళు నక్షత్రాలు తగ్గించారు. ఆ రోజు మాత్రం ఆమెకు అది పట్టలేదు.

ఆసుపత్రిలో నాలుగో రోజు జ్వరంలో ఆమె నా చేతిలో ఫోను పెట్టింది. ఎవరి ఫోను కోసమో చెప్పవలసిన అవసరం లేదు.

ఆమె పోయాక రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పొడుగు నంబరు, మన దేశానిది కాదు. మొదటిసారి నేను ఎత్తలేదు. మోగి మోగి ఆగేదాకా దూరంగా నిలబడి చూశాను. ఎందుకు ఎత్తలేదని నన్ను నేనే తిట్టుకుంటూ నెల రోజులు గడిపాను. రెండోసారి మొన్న, సాయంత్రం నాలుగింటికి. ఎత్తాను. అవతల గాలి శబ్దం. దాని వెనక ఒక్క మాట, చాలా మెల్లగా.

"అమ్మా."

మగగొంతో ఆడగొంతో తెలియలేదు. తెలుగో తమిళమో కూడా ఆ ఒక్క మాటతో తెలియదు. వాడైతే, ఆమె పోయిందని, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానని తెలిసిపోతుంది. ఆ పిల్లైతే, నేను మాట్లాడకపోతే ఇంకోసారి దొరకకపోవచ్చు. కోదండం మగ్గం ఆపి నా వైపు చూశాడు. నా మోకాళ్ళు నిలవలేదు. గోడ పట్టుకుని కూర్చున్నాను. తెలుగులోనే అన్నాను.

"టీచర్ ఇంట్లోనే ఉండాది. నువ్వు యాడ ఉండావో చెప్పమ్మా."

అవతల మాట్లాడలేదు. ఫోను కూడా పెట్టేయలేదు. ఊపిరి వినబడుతోంది. నేనూ పెట్టేయలేదు.